రెండుసార్లు కట్టిన చర్చి

మా రిషిత క్లాసులో అందరికీ కోటలు వచ్చాయి, దానికి మాత్రం చర్చి వచ్చింది. మధ్యయుగాల కట్టడం ఒకటి ఇంట్లో దొరికే వస్తువులతో తయారు చేసి, తల్లిదండ్రుల ఎదుట, క్లాసు ముందు నిలబడి దాని గురించి చెప్పాలి. చీటీ తీస్తే దీనికి సన్యాసుల మఠంలో ఉండే పెద్ద చర్చి తగిలింది.

"వై మీ, మామ్? ఎవ్రీబడీ ఎల్స్ గాట్ ఎ కాసిల్!"

నా దిగులు వేరు. డాలస్ నుంచి ఈ కొత్త ఊరు ఓక్‌విల్ వచ్చాక పిల్ల క్లాసులో నోరు విప్పలేదు. టీచరు అడిగితే తలూపుతుందట, అంతే. ఇంట్లో నాతో పోట్లాడేటప్పుడు మాత్రం గొంతుకేం లోటు లేదు. అది నా పోలిక.

మా ఆయన శ్రీహర్ష శనివారమంతా వీడియోలు చూసి పండితుడైపోయాడు. "చూడు చామూ, పైనుంచి చూస్తే సిలువ ఆకారం. గుండ్రటి ఆర్చీలు. రాతికప్పు బరువుకి గోడలు బయటికి తోసుకుపోతాయి, అందుకే అంత మందంగా కట్టేవాళ్ళు."

"మందంగా అంటే పల్లీపట్టీయే," అన్నాను.

ఆదివారం పొయ్యి దగ్గరే తెల్లారింది, పొయ్యి దగ్గరే పొద్దుపోయింది. ముదురుపాకం పట్టి పల్లీపట్టీ గోడలు పోశాను. రిషిత రంగు చక్కెర బిళ్ళలు కరిగించి కిటికీలకు అద్దాలు పెట్టింది. గంట గోపురంతో సహా చర్చి లేచింది. నేనే దిష్టి తీశాను.

సోమవారం స్కూలు గుమ్మంలో టీచరు వాసన చూసి ఆగిపోయింది. కొందరు పిల్లలకు ప్రాణం మీదికొచ్చేంత ఎలర్జీ అని స్కూల్లోకి వేరుశనగ రానివ్వరు. టిఫిన్ బాక్సులో ఒక్క పల్లీ కూడా పడకుండా రోజూ కళ్ళలో వత్తులేసుకుని చూసే నేనే, ఏకంగా పల్లీల చర్చిని మోసుకొచ్చాను! చర్చి కూడా తిండేనని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. టీచరు మంచిది, రేపు చెప్పొచ్చంది. రిషిత తల వంచుకుని లోపలికి వెళ్ళింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

సాయంత్రం అది బ్యాగు విసిరేసింది. "ఐయామ్ నాట్ గోయింగ్ టుమారో."

అప్పటికే సగం గోపురం తినేసిన శ్రీహర్ష చేతులు కడుక్కుని దాని పక్కన కూర్చున్నాడు. "అసలు చర్చీలు కూడా ఒక్కసారికి నిలబడలేదు తల్లీ. కొన్ని తగలబడ్డాయి, కొన్నిటికి గోపురాలు కూలాయి. సన్యాసులు మళ్ళీ కట్టారు. రెండోసారి కట్టేటప్పుడు కొత్త ఫ్యాషన్: పైన మొనదేలిన ఆర్చీలు, సన్న గోడలు, పెద్ద కిటికీలు."

"దే మెస్డ్ అప్ టూ?" రిషిత లేచి కూర్చుంది.

ఈసారి మరమరాలు, బెల్లం. మరమరాలు తేలికని ఎత్తు పెంచాం. కప్పు పెట్టగానే గోడలు బయటికి ఒరిగాయి. నేను కేకలు వేస్తున్నాను. రిషిత మాత్రం డబ్బాలోంచి వంపు తిరిగిన జంతికలు ఏరి, గోడలకు బయటినుంచి ఆనించి పాకంతో అతికించింది. గోడలు ఆగిపోయాయి.

"ఫ్లయింగ్ బట్రెస్, మామ్. డాడ్ వీడియోలో చూశా," అంది ఆ ఊతల్ని చూపిస్తూ.

మర్నాడు టీచరు అందులో ఏమేం వేశామో నన్ను గుచ్చిగుచ్చి అడిగి లోపలికి రానిచ్చింది. క్లాసు ముందు నిలబడ్డ రిషిత బల్ల మీద చర్చిని ఇటు జరిపింది, అటు జరిపింది. నేను వెనకాల తల్లిదండ్రుల మధ్య నిలబడి చూస్తున్నాను. ఆఖరికి, "దిసీజ్ అవర్ సెకండ్ చర్చ్," అంది మెల్లగా.

"మొదటిదేమైంది?" అని ఇంగ్లీషులో అడిగాడొక పిల్లాడు.

"మై డాడ్ ఏట్ ద టవర్."

క్లాసంతా గొల్లుమంది. ఇక చూడండి, తగలబడ్డ చర్చీలు, కూలిన గోపురాలు, ఒక కొస పాతగా ఇంకో కొస కొత్తగా మిగిలిన చర్చీలు, అన్నీ చెప్పింది. చివర్లో టీచరు తినొచ్చనగానే పిల్లలు ఎగబడ్డారు. అందరి చేతులూ ముందు జంతికల మీదికే వెళ్ళాయి.

"డోంట్ ఈట్ ద బట్రెసెస్ ఫస్ట్! ఇట్ విల్ ఫాల్!" రిషిత గది దద్దరిల్లేలా అరిచింది.

అప్పటికే రెండు నోళ్ళలో పడ్డాయి. గోడ ఒరిగింది, కప్పు కూలింది. పిల్లలు పడీపడీ నవ్వారు, మధ్యలో మా పిల్ల అందరికంటే గట్టిగా.

ఇంట్లో ఆ అరుపు వింటే "మెల్లగా మాట్లాడవే" అని కసురుతాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. ఇంకాస్త అరవనీ అనుకున్నాను.