నల్లమ్మ ఇంటి కప్ప

కంబదూరు దగ్గర ఒక ఊళ్లో నల్లమ్మ పొద్దున్నే లేచి, కసువూడ్చి, నీళ్లతొట్టి పక్కన మట్టిలో చెంబెడు నీళ్లు పోసేది. మూడేళ్లుగా వానల్లేవు, తాగేది ట్యాంకరు నీళ్లే. అయినా ఆ చెంబెడు తప్పదు. ఆ మట్టిలో కప్ప ఉండేది.

ఊళ్లో ఎవరి పుండు చీము పట్టినా దాన్ని తీసుకుపోయేవాళ్లు. అది పుండు మీద కూర్చుంటే వీపున పాలలాంటి జిగురు ఊరి లోపలికి దిగేది. పుండు మానేది. మానిన ప్రతిసారీ కప్ప చిన్నదయ్యేది. నల్లమ్మ కాపురానికొచ్చినప్పుడు కొబ్బరికాయంత ఉన్నది, ఇప్పుడు రేగుపండంత.

పోయినేడు యూనివర్సిటీ నుంచి హేమలత అనే పరిశోధకురాలు వచ్చి ఒక్క బొట్టు జిగురు సీసాలో తీసుకుపోయింది. ఈ ఎండాకాలం మళ్లీ వచ్చింది.

"ఏ మందుకూ చావని బ్యాక్టీరియా దీనికి చచ్చిందమ్మా."

"అట్లయితే మందెప్పుడొస్తాది?"

"పదేండ్లు పట్టొచ్చు. వస్తాదని కూడా చెప్పలేను."

నల్లమ్మ లోపలికి చూసింది. మంచం మీద ఆమె మొగుడు చౌడప్ప. గొర్రెలు మేపుతూ తుమ్మముల్లు తొక్కాడు, షుగరు మనిషి. కప్ప ఇక ఒక్క పుండుకే సరిపోతుందని, మందులతోనే తగ్గించుకుంటానని ఇన్నాళ్లూ మొండికేశాడు. పాదం నల్లబడింది. ఏ మందూ పనిచేయక, సోమవారం మోకాలి కింద తీసేస్తామన్నారు డాక్టర్లు.

ఆదివారం పొద్దున నల్లమ్మ మొగుడి పాదం మీద పెడదామని కప్పను బయటికి తీసింది. తలెత్తితే గుమ్మంలో ఎర్రప్ప. అతని కోడలు మౌనికకు కాన్పు ఆపరేషన్ కుట్లు చీము పట్టి, ఇక లాభం లేదని ఇంటికి పంపించేశారు. బిడ్డకు పంతొమ్మిది రోజులు. ఎర్రప్ప తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, మా ఆయన కాలు కనబడలేదా నీకు?"

"కనబడతాండాది వదినా. పోతాలే." కానీ కదల్లేదు.

మంచం మీంచి చౌడప్ప అన్నాడు. "ఇచ్చేయ్ మే."

"కాలు పోతాది నీకు!"

"నాది కాలే గదా."

నల్లమ్మ కప్పను అరచేతిలో పెట్టుకుని తానే వెళ్లింది. దారంతా తిట్టింది. కప్పనో, మొగుణ్ణో, ఎర్రప్పనో ఆమెకే తెలియదు. మౌనిక కుట్ల మీద అది జొన్నగింజంతై, ఆవగింజంతై, చివరికి తడిగా మిగిలింది. మూడో రోజు మౌనిక కళ్లు తెరిచి బిడ్డను అడిగింది. అప్పటికి చౌడప్ప కాలు లేదు.

ఇప్పుడు అతని గొర్రెల్ని మౌనికే తోలుకుపోతుంది, బిడ్డను వీపున కట్టుకుని. అవి వీధి మలుపు తిరిగేదాకా చౌడప్ప అరుగు మీంచి చూస్తాడు. తర్వాత పెళ్లాన్ని పిలుస్తాడు.

"బొటనవేలు కింద దురద పెడతాండాది మే."

"ఏ కాలు?"

"లేనిదే."

మొదట్లో ఆమె ఏడ్చేది. ఇప్పుడు పని ఆపి ఎదురుగా కూర్చుని, పాదం ఉండాల్సిన చోట గాలిలో వేళ్లతో గీరుతుంది.

"ఇంగ రోంత కిందికి," అంటాడతను.

ఆమె చెయ్యి కిందికి దించుతుంది.