చిల్లుల బుట్ట

సముద్రపు చేపల తొట్టి అద్దం మీద ఎర్ర గోళ్లరంగుతో గీసిన గీత దాకా ఫిల్టర్ నీళ్లు పోసి సిద్దమ్మ చెంబు దించింది. రోజూ ఆవిరైపోయినంత మేరకే పోయాలి. నల్లా నీళ్లు ముట్టకూడదు. ఉప్పు జోలికి తను పోనే కూడదు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని మనిషి మెదక్‌లో నిలబడి సముద్రానికి నీళ్లు పోస్తున్నదని మొదట్లో తనలో తనే నవ్వుకునేది. ఇప్పుడు అలవాటైంది. అంట్లు, ఊడ్పు, బట్టలు, సముద్రం. లలితమ్మ ఇంట్లో పన్నెండేళ్లుగా చేస్తున్న పనుల్లో నాలుగోది రెండేళ్ల కిందట చేరింది. జీతం మాత్రం ఆ సంగతి గమనించలేదు.

మేత డబ్బా తెరిచి వేళ్లతో చిటికెడు తీసింది. కుడి చూపుడు వేలు వంకర. గాలయ్య కర్రతో కొట్టినప్పుడు అడ్డం పెడితే విరిగి, దానంతట అదే అతుక్కున్న వేలు. గాలయ్య పోయి ఆరేళ్లయింది. వేలు మాత్రం ఇంకా అతన్ని తలుచుకుంటూ వంగే ఉంది.

తొట్టిలో రెండే చేపలు. నారింజ ఒళ్లు, తెల్లటి పట్టీలు. ఒకటి బొటనవేలంత, ఇంకోటి అందులో సగం. లలితమ్మ మనవరాలు స్నిగ్ధ హైదరాబాద్ నుంచి తెచ్చిన రోజునే చెప్పింది, ఈ జాతిలో పెద్దది పెళ్లాం, చిన్నది మొగుడని. పెద్దది దగ్గరికి రాగానే చిన్నది ఒక పక్కకు వాలి, ఒళ్లంతా వణికించి దండం పెట్టినట్టు ఉండేది. సిద్దమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. పెద్దదానికి దొరసాని అని పేరు కూడా పెట్టుకుంది, మనసులోనే. ఆ ఇంట్లో ఆ పేరు బయటికి అంటే వేరే మనిషి పలుకుతుంది. కొట్టవే దొరసానీ, మా అందరి పేరు మీద ఒకటి కొట్టు, అనుకున్న రోజులు లేకపోలేదు.

కొన్నాళ్లుగా అది ఆట కాకుండా పోయింది. చిన్నదాని తోక చిరిగింది. తిండికి పైకి రాకుండా నీళ్లు తిప్పే మోటరు వెనకాల మూలన నక్కింది. పోయిన వారం స్నిగ్ధ ఫోన్‌లో చెప్పింది.

"సిద్దమ్మా, కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట తొట్టిలో వేలాడగట్టు. పెద్దదాన్ని అందుల వెయ్యి. చిన్నదాన్ని కాదు, జెర యాదుంచుకో. వారం రోజులు తొట్టంతా చిన్నదానిదే అయితే దానికి ధైర్యం వస్తది."

సిద్దమ్మ సరేనంది. బుట్ట కట్టింది. చిన్నదాన్ని పట్టి అందులో వేసింది.

మరిచిపోయి కాదు. పిల్లకు చదువుంది గానీ లోకం తెలియదనుకుంది. కొట్టేవాళ్లను కదిలించిన ఇల్లు ఆమె యాభై ఆరేళ్లలో ఒక్కటీ చూడలేదు. దెబ్బలు తిన్నవాళ్లే నాలుగు రోజులు పక్కకు పోతారు, కోపం చల్లారాక వస్తారు. పైగా దొరసానిని బుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

"ఏమే, పెద్దదాన్నే పెట్టినవా?" అని లలితమ్మ సోఫాలోంచి అడిగింది. చూపు ఆనని ఆమె కళ్లకు రెండు చేపలూ ఒక్కలాగే ఎర్రగా కనబడతాయి.

"పెట్టిన్నమ్మా."

ఆ ముందురోజే కోడలు యాదలక్ష్మిని హవేలిఘనపూర్‌లో తల్లిగారింటికి ఆటో ఎక్కించింది. ఫోను చార్జింగు పెట్టలేదని, తూప్రాన్ గోదాంలో డ్రైవరుగా చేసే కొడుకు పరశురాం ఆమె చెంప పగలగొట్టాడు. ఈ ఏడాదిలో మూడోసారి. "నాలుగు దినాలు ఉండిరా బిడ్డా. ఆడు సల్లవడ్తడు," అంది సిద్దమ్మ, తనకు తన అత్త చెప్పిన గొంతుతోనే. ఇవాళ సాయంత్రం పోయి తీసుకురావాలి.

బుట్ట గడువు కూడా ఇవాళ్టికే తీరింది. ముడి విప్పి చిన్నదాన్ని నీళ్లలోకి వదిలింది. అది బెరుకుగా మోటరు వైపు పోయింది. సిద్దమ్మ బకెట్ ఎత్తుకుని డాబా ఎక్కింది. బట్టలు ఆరేసి, చర్చి గంట మోగాక దిగివచ్చింది.

చిన్నది ఇసుక మీద పక్కకు వాలి ఉంది. ఈసారి వణకడం లేదు. తొట్టిలోకి దొంగెవరో వచ్చినట్టు దొరసాని ఇంకా దాన్ని పొడుస్తూనే ఉంది. సిద్దమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచి, వంకర వేలి సందున దాన్ని పైకి తీసింది. మేత గింజ కంటే బరువు లేదు.

వీడియో కాల్‌లో స్నిగ్ధ ఏడ్చింది. "పెద్దదాన్నే పెట్టిండ్రా నానమ్మా? మరి ఎట్ల సచ్చిపోతది?"

"సిద్దమ్మ పెట్టింది బిడ్డా. చెప్పింది చెప్పినట్టు చేస్తది. పన్నెండేండ్లాయె, ఒక్క అబద్ధం ఎరుగదు."

వంటింటి గడప దగ్గర సిద్దమ్మకు ఆ పొగడ్త చెంపదెబ్బలా తగిలింది. మొహం దాచుకోవడానికి కొంగు చాలలేదు. ఫోను పెట్టేశాక ముందుకు వచ్చింది.

"అమ్మా, నేను పెట్టింది చిన్నదాన్ని."

"ఎందుకే? పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది గద?"

"మా ఇండ్లల్ల గట్లనే చేస్తమమ్మా."

అన్నాక గానీ ఆ మాట ఆమెకే వినబడలేదు. లలితమ్మ తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగి, చేతి గాజులు సర్దుకుంటూ కిటికీ వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సిద్దమ్మకు.

మెట్ల మీద కూర్చుని కోడలికి ఫోన్ చేసింది.

"అత్తమ్మా, సంచి సదిరిన. బయలెల్లినవా?"

"ఇయ్యాల రాకు బిడ్డా."

"నేనేం తప్పు జేసిన అత్తమ్మా?"

"తప్పు నీది గాదు. పోవాల్సింది నువ్వు గాకుండె. గిన్నిసార్లు నిన్నే పంపిన."

ఇంటికి చేరి, దండెం మీద పరశురాం చొక్కాలు తీసి బియ్యం సంచిలో కుక్కింది. వెలుగుండగానే అతను బండి దిగాడు.

"అదేది? తోల్కరాలే?"

"రాలే. నువ్వే పోవాలె. తూప్రాన్ల గోదాం కాడ డ్రైవర్లకు రూమున్నది గద, ఆడ ఉండు."

"పిచ్చి లేసిందా అవ్వా? నా ఇంట్లకెల్లి నేను పోవుడేంది?"

"ఇల్లు నా పేరు మీదున్నది. పట్టా సూడు."

ఆ సంగతి ఇన్నాళ్లూ పట్టా కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అతను చెయ్యెత్తాడు. సిద్దమ్మ వణికింది, చిన్నది వణికినట్టే. పక్కకు మాత్రం వాలలేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక అతను సంచి అందుకున్నాడు. బండి చప్పుడు సందు చివర మలుపు తిరిగింది. రేపు వచ్చి తలుపు కొడితే తీస్తుందో లేదో ఆమెకే తెలియదు. తీసిన చెయ్యే గదా ఇన్నేళ్లూ.

లోపలికి వచ్చి కిటికీ దగ్గర కూలబడింది. యాదలక్ష్మి పోయిన ప్రతిసారీ చీరలు, సబ్బు, చార్జరు అన్నీ సర్దుకుని, ఒక్కటి వదిలి పోయేది. ఈ పిల్లకు మతి లేదని సిద్దమ్మ విసుక్కునేది. మరిచిపోయి కాదు, తన చోటు పోకుండా వదిలేదని ఇవాళ తట్టింది. ఇప్పుడూ అది ఊచల మధ్య, పెట్టినచోటే ఇరికించి ఉంది. రెండు పళ్లు విరిగిన పచ్చ దువ్వెన, దానికి చుట్టుకున్న ఒక పొడుగాటి వెంట్రుక.