వేళ్ళ సెలవు

ఇలా రా తల్లీ, ఆ కుర్చీ వదిలేసి నా పక్కన కూచో. ఇంకాస్త దగ్గరికి. గొంతెత్తి చెప్పుకొనే సంగతి కాదిది.

అనాసపండ్లు కోసి డబ్బాలకెత్తే షెడ్డు ఒకటుండేది. రేకుల కప్పు, ఎప్పుడూ ఆరని నేల, పొడుగాటి బల్లలకు అటూ ఇటూ ఆడవాళ్ళు. పండు తొక్క మిషను తీసేస్తుంది. ఒళ్ళంతా ఉండే నల్లటి కళ్ళను మాత్రం మనిషే కత్తిమొనతో తవ్వాలి. చేతికి తొడుగులేసుకుంటే పండు జారిపోతుంది, కత్తి వేల్లోకి దిగుతుంది. అందుకని వట్టి చేతులే. అనాస రసం సంగతి నీకు తెలుసుగా, నాలుకనే కొరుకుతుంది. పొద్దస్తమానం అందులో నానే వేళ్ళను ఊరికే వదులుతుందా? గీతలన్నీ తినేసి, వేలికొసలను గోళీకాయల్లా నున్నగా చేసిపెడుతుంది.

ఆ బల్ల దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు ఎదురెదురుగా నిలబడి పనిచేసేవారు. పెద్దకోడలికి పిల్లలు లేరు. చిన్నకోడలికి మొగుడు పోయాడు, చిన్న కూతురు మిగిలింది. కుదురుగా ఉండదు, నోరు మూయదు, అందుకని దాన్ని పిచ్చిక అనేవారు. అందరూ ఒకే గదిలో, పెద్దకోడలి మొగుడు పెద్దాయన చెప్పుచేతల్లో. ఆయనకు వేరే దేశంలో గోదాము పని కుదిరింది. నలుగురికీ కలిపి ఒకే దరఖాస్తు పెట్టాడు. ఇక మిగిలింది వేలిముద్రలివ్వడమే. ముద్ర పడితే పిచ్చిక బడిలో కూచుంటుంది. పడకపోతే ఈ బల్లే. చిన్నకోడలు నిద్రలో కూడా అదే తలుచుకునేది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ముద్రలకు పోవలసిన మనిషి ముందుగానే పని ఆపి, కొత్తచర్మం పట్టేదాకా వేళ్ళకు నూనె రాసుకుంటూ కూచోవాలి. దాన్ని వేళ్ళ సెలవు అనేవారు. బల్లలు ఖాళీ పడకూడదని ఇంటికి ఒక్కరికే ఇచ్చేవాడు మేస్త్రి. ఆయన నోట్లో ఎప్పుడూ ఈల ఉండేది, అందుకని చాటున అందరికీ ఈలాయన.

ఇద్దరి చేతులూ తిప్పి చూసి, సెలవు చిన్నకోడలికే రాశాడు.

“నీ వేళ్ళతో బ్యాంకు దోచినా ఎవడూ పట్టుకోలేడే!” అంది పక్క బల్లావిడ.

“దోచినప్పుడు నీకూ వాటా ఇస్తాలే వదినా, ముందు నీ పండు చూసుకో” అంది చిన్నకోడలు.

బల్ల బల్లంతా విరగబడి నవ్వింది. పెద్దకోడలు మాత్రం తలెత్తలేదు.

ఆ సాయంత్రం గదిలో పెద్దకోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“చెల్లీ, ఆ సెలవు నాకిచ్చెయ్యవే. నా ముద్ర పడకపోతే మీ బావగారు నన్నిక్కడే పారేసి పోతారు. గొడ్రాలినని ఇప్పటికే మొహం చూడ్డం లేదు. నీకేం, పిల్లతల్లివి. పిల్లతల్లిని ఆపకూడదని రూలుందట, కనుక్కున్నాను.”

“నిజమేనా అక్కా?”

“పిచ్చిక మీద ఒట్టు.”

పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి మరీ అంది. ఆ చెయ్యి చూసి చిన్నకోడలు కరిగిపోయింది. మర్నాడే వెళ్ళి సెలవు మార్పించింది.

ఇక పెద్దకోడలు ఇంటిపట్టున కూచుని వేళ్ళకు నూనె రాసుకుంది, పిల్లకు జడలేసింది, ముద్దలు కలిపి పెట్టింది. చిన్నకోడలు రెండు బల్లల పని నెత్తినేసుకుంది. ఒకరోజు ఆమె వచ్చేసరికి పిచ్చిక పరుగున పోయి పెద్దకోడలి వెనక దాక్కుంది.

“పిన్నీ, నీ దగ్గర కంపు!”

“ఎవర్తే నీకు పిన్ని?”

“నువ్వే. ఈవిడ అమ్మ, నువ్వు పిన్ని. ఆట!”

“పొద్దుపోక నేర్పానే, దానికే మొహం మాడ్చుకోవాలా?” అని పెద్దకోడలు నవ్వింది. చిన్నకోడలూ నవ్వేసింది పిచ్చిది.

ముద్రల రోజు రానే వచ్చింది. తెల్లటి గది, నేలకు బిగించిన కుర్చీలు, పిలిస్తే లేవడం, లేకపోతే కూచోవడం. గాజుపలక మీద వేళ్ళు పెట్టాలి. ముద్ర దొరికితే పచ్చదీపం, దొరక్కపోతే ఎర్రదీపం. పెద్దాయనకు పచ్చ. పెద్దకోడలికి, చెయ్యి ఆనించిందో లేదో, పచ్చ.

చిన్నకోడలికి ఎర్ర.

“కాస్త గట్టిగా నొక్కమ్మా” అంది బల్ల దగ్గరి ఉద్యోగిని. నొక్కింది. ఎర్ర. ఉద్యోగిని గుడ్డతో తుడిచింది, ఏదో క్రీము రాసింది, తనే ఒక్కో వేలూ పట్టుకుని అదిమింది. ఎర్ర, ఎర్ర.

“వేళ్ళున్నాయిగానీ వాటి మీద ఏమీ లేదమ్మా.”

“నేను పిల్లతల్లినండీ.”

“అయితే?”

“పిల్లతల్లిని ఆపరటగా?”

“అలాంటి రూలేం లేదు. ఎవరు చెప్పారు?”

చిన్నకోడలు వెనక్కి తిరిగింది. పెద్దకోడలు పిచ్చికను ఒళ్ళో కూచోబెట్టుకుని, ఫొటో కోసం ముంగురులు సర్దుతోంది. చూపు ఇటు తిప్పలేదు.

ఉద్యోగిని విడమరచి చెప్పింది. చిన్నకోడలి దరఖాస్తు విడదీసి, ఆమెను తర్వాత మళ్ళీ పిలుస్తారు. మిగతావాళ్ళది ఆగదు. పిల్లను తనతో ఆపుకోవచ్చు, లేదా వాళ్ళతో పంపడానికి ఒప్పుకోవచ్చు. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పాలి.

“ఆపుకుని ఎక్కడ పెట్టుకుంటావు?” అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. “నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఎప్పుడో చెప్పేశాను. నీకు షెడ్డువాళ్ళు పనివాళ్ళకిచ్చే పడకే గతి. అక్కడ పిల్లల్ని రానివ్వరు. వీధిలో పడుకోబెడతావా?”

“ముందే చెప్పేశారా బావగారూ?”

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. పెద్దకోడలు అందుకుంది. “నాలుగు రోజులు ఓపిక పట్టు చెల్లీ. చర్మం రాగానే మా వెనకే వచ్చేస్తావు. దాని బడి పాడు చెయ్యకు.”

చిన్నకోడలు కూతురి ముందు మోకాళ్ళ మీద కూచుంది. “పిచ్చికా, నువ్వెవరి దగ్గరుంటావే?”

“అమ్మ దగ్గర” అంది పిచ్చిక, పెద్దకోడలి కొంగు వదలకుండా.

అప్పుడు లేచింది చిన్నకోడలు. ఒప్పుకుంటానంది. కాగితం ముందుకు జరిపారు.

“సంతకం రాదండీ.”

“బొటనవేలు వెయ్యమ్మా.”

సిరాలో అద్ది వేసింది. గుండ్రటి నల్లమచ్చ పడింది, లోపల ఒక్క గీతా లేదు. దాన్ని చూడగానే ఆమె మొహం వెలిగింది.

“గీతలు పడలేదండీ. ఇది చెల్లదు కదూ?”

“దీనికి మచ్చ చాలమ్మా” అంది ఉద్యోగిని, కాగితం తీసుకుంటూ.

మర్నాడు ఈలాయన ముందు నిలబడింది. “వేళ్ళ సెలవు కావాలండీ.”

“మీ ఇంటికిచ్చేశాగా.”

“ఆ ఇంట్లో ఇక నేనొక్కదాన్నేనండీ.”

“ఇంటికి ఒకటే” అని ఈల ఊదాడు. పని మానితే పడకా పోతుంది. వెళ్ళి కత్తి అందుకుంది. పక్క బల్లావిడ ఆ రోజు ఏ ఎగతాళీ చెయ్యలేదు.

ఆ ముగ్గురూ వెళ్ళిపోయారు. ఇక్కణ్ణించి చేస్తే పెద్దాయన ఫోను కొన్నాళ్ళు మోగింది, తర్వాత అదీ లేదు. చిన్నకోడలిని మళ్ళీ పిలిచారు. మళ్ళీ ఎర్రదీపమే. ఆ తర్వాత పిలవలేదు. అనాసపండ్ల కళ్ళు తవ్వుతూనే ఉంది, చర్మం రాకుండానే ఉంది.

అయిపోయింది తల్లీ. చిన్నపిల్ల కదా, పిచ్చికకు ఇదేమీ గుర్తుండదు. దానికి తెలిసినంతలో అమ్మ పెద్దకోడలే. అందుకని నువ్వు గుర్తుపెట్టుకో. ఎక్కడికి పోయినా, ఎవరు వినేలా ఉన్నా చెప్పు. కళ్ళ సంగతి చెప్పు, మచ్చ సంగతి చెప్పు. నోటా నోటా పడి ఏనాటికో దాని చెవిన పడితే, కంపు కొట్టిన ఆ పిన్ని ఎవరో దానికి తెలుస్తుంది.