తొమ్మిదీ నలభై రెండు

ఆదివారం పొద్దున చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ మా కోడలు మిరియం కంప్యూటర్ ముందు కూర్చుంది. దానిలో ఆమె చేసే మార్పుల పని చూస్తే నాకు మా పాత తాటాకు ఇల్లు గుర్తొస్తుంది. ఇంటిని ఎప్పుడూ మొత్తంగా కప్పించలేదు మేము. ఏటా చెడిన ఆకు లాగేసి, ఆ సందులో కొత్త ఆకు దోపేవాళ్ళం. పాతికేళ్ళకి పాత ఆకు ఒక్కటీ మిగల్లేదు గానీ ఇల్లు మాత్రం అదే. ఆమె కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ అనేదీ అంతేనట. అందులో ముక్కలు మారుతూనే ఉంటాయట. ఒక్కోసారి కొత్త ముక్కకీ పాత ముక్కకీ పడదు. తెర మిణుకుమంటుంది, బాణం గుర్తు మాయమైపోతుంది. మిరియం తిట్టుకోదు. ఏది పడలేదో చూసి, పాత ముక్కని తిరిగి పెట్టి, అదేమిటో పుస్తకంలో రాసుకుంటుంది. ఇంటి పనీ అంత ఓపికగానే చేస్తుంది. అది మాత్రం ఎవరూ ఎక్కడా రాసుకోరు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి విశాఖ కంపెనీ వాళ్ళు ఆమెకి పరీక్ష పెట్టారు. ఆమె తెరని అక్కడి నుంచి చూస్తూ పని చేయిస్తారట. గెలిస్తే పలాసలో మా ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఇంతకుముందు రెండు కంపెనీలు చేజారిపోయాయి. రెండుసార్లూ పరీక్ష రోజే కంప్యూటర్ లేవలేదు. "నా తప్పేనండి, సరిగా చూసుకోలేదు" అని ఆమె ఫోనులో బతిమాలడం నేను విన్నాను. ఇదీ పోతే ఇంకెవరినీ అడగనని నాతో అంది.

"ఈ దినాన ఆ మార్పులెందుకే అమ్మీ?" అన్నాను.

"రెండ్రోజుల్నుంచి తెర వణుకుతంది అత్తా. దానికి మందు ఇయ్యాలే వచ్చినాది. మనం సర్చి నుంచి వచ్చేసరికి అయిపోద్ది."

మా అబ్బాయి జీవన్ కుమార్ మంచం మీద నుంచే నవ్వాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా వాడు. "ఏటే, నీ పెట్టికి మళ్ళీ జొరమా? ముందు పులుసులో ఉప్పు సూసుకో. నాకు తలనొప్పి, నాను రాను. మీరెళ్ళండి."

"దాన్ని ముట్టుకోకండేం," అంది మిరియం.

"ముట్టుకోడానికి అదేటి, పెళ్ళికూతురా?"

పన్నెండింటికి తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. మూలన నాలుగు తెల్లటి అక్షరాల వరసలు, అంతే. "సెప్పేనా! ఊరుకున్నదాన్ని కెలికితే ఇంతే. అన్నం ఎట్టు," అన్నాడు వాడు. పెట్టింది.

తర్వాత ఒక చిన్న పెన్‌డ్రైవ్ గుచ్చి, దానితో కంప్యూటర్‌ని లేపి, సగంలో ఆగిన ముక్కల్ని మళ్ళీ వేయడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. ఊరికే ఉండలేని నోరు నాది. "ఎందుకాగిపోయిందో అది ఎక్కడా రాసుకోదా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "రాసుకుంటాది అత్తా. ఎప్పుడూ దాన్ని లేపే తొందరేగానీ, నానే ఎనక్కి సూడనేదు."

కీబోర్డు మీద ఏదో కొట్టింది. వరసలు జలజల దిగాయి. మూడో తరగతితో ఆపిన నాకు ఇంగ్లీషు ఎక్కడిది! అంకెలు మాత్రం వచ్చు. చర్చిలో గోడ బల్ల మీద పెట్టే కీర్తనల నంబర్లు చూసి చూసి వచ్చినవి. ఒక వరస దగ్గర మిరియం వేలు ఆగింది. దాని మొదట్లో 9:42 అని ఉంది.

"ఏటుంది అక్కడ?"

నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆపే మీట నొక్కినారని ఉంది అత్తా."

"కరెంటు పోయిందేమో."

"కరెంటు పోతే ఈ మాట ఉండదు. ఏలితో నొక్కితేనే ఉంటాది."

ఆ వేళకి మేమిద్దరం చర్చిలో ఒకే పుస్తకంలో చూసి రెండో కీర్తన పాడుతున్నాం. ఇంట్లో ఉన్నది వాడొక్కడే. మిరియం వెనక్కి వెతికింది. ఆ మాట ఇంకో రెండు చోట్ల దొరికింది. తేదీలు చూసి, రాసుకున్న పుస్తకం తెరిచింది. ఆ రెండు పరీక్షల రోజులే.

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నేను కన్నవాడు! అప్పుడు గుర్తొచ్చింది పలక. నా పెళ్ళైన కొత్తలో మిషన్ టీచరమ్మ ఆడవాళ్ళకి సాయంత్రం బడి పెట్టింది. అటక మీద దాచుకున్న నా పలక పగిలింది. ఇంకోటి తెచ్చుకుంటే అదీ పగిలింది. "పిల్లి తోసేసినాదే," అనేవాడు మా ఆయన ఆరోన్. మూడోది పగిలాక టీచరమ్మ మొహం చూడలేక బడి మానేశాను. ఆరోన్ మంచివాడని ఊరంతా అనేది, నేనూ అన్నాను. ఆయన్ని మట్టి చేసిన రోజు కూడా అదే మాట చెప్పి ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళు ఒక పిల్లిని తిట్టుకుంటూ బతికాను.

రెండింటికి పది నిమిషాలుండగా తెర వెలిగింది. వణుకు లేదు. జీవన్ పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "లేచినాదా? కరెంటు ఎచ్చుతగ్గులే, సెప్పేను కదా."

నేను కుర్చీ జరుపుకుని కంప్యూటర్ ఆపే ఆ మీటకి అడ్డంగా కూర్చున్నాను. "కరెంటు కాదు నాయనా. తొమ్మిదీ నలభై రెండు," అన్నాను.

వాడి చూపు నా వెనకున్న మీట మీదికి పోయింది.

"మిరియం, తలుపేసి నీ పని సూసుకో," అన్నాను. "పరీచ్చయ్యాక ఆ వరస సదవడం నాకు నేర్పు. మొదటి అచ్చరం కాడ్నుంచి."