బడిని తిన్న ఎద్దు

మా ఎద్దు బడిని తిన్నదంటే ఇప్పటి పిల్లలు పళ్లికిలిస్తారు. నవ్వండి, నాకేం! ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువులో ఆత్మకూరు పొలిమేరన మీరుంటే తెలిసేది.

మాది బోదగడ్డి కప్పిన మిషను బడి. దాని ముందు జువ్వి చెట్టు, మేమంతా కలిసి పెంచింది. పలక కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు దాని మొదట్లోనే పోయాలి. అందరినీ అడగకుండా ఒక్క ఆకు తుంచకూడదు. అది శీనయ్య పంతులుగారు పెట్టిన కట్టుబాటు. "మన అక్షరాలన్నీ తాగతా ఉండాది. మీకన్నా ముందు చదువు దానికే వస్తాది," అని వెక్కిరించేవారు. నేను నిజమే అనుకున్నాను. ఆకులు గలగలమంటే చెట్టు ఓనమాలు చదువుతున్నట్టే వినిపించేది. ఆకలికి కళ్లు మూతలు పడుతుంటే, ఇసుక మీద దాని నీడ పెన్నలో నీళ్లలా కదిలేది. అందులో కాళ్లు పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

ఆ ఏడు ఉదయగిరి కొండ దాకా పచ్చన్నది లేదు. మా జోడెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. మిగిలిన ఎద్దు, మా బూడిదోడి డొక్కలు ఎండిపోయాయి. వాడూ పోతే, వాన పడినా మాకు సేద్యం లేదు, కూడు లేదు.

ఒక మధ్యాహ్నం మా నాయన వెంగయ్య కత్తి పట్టుకుని, బూడిదోణ్ణి తోలుకుని బడికి వచ్చాడు.

"కొమ్మలన్నీ కొట్టుకుపోతా పంతులయ్యా. అడ్డం రాబాక."

"ఈ ఎండల్లో అన్నీ కొడితే చెట్టు చచ్చిపోతాది వెంగయ్యా."

"చెట్టు చస్తే ఏంది? నా ఎద్దు చస్తే నా బిడ్డలు చస్తారు!"

పిల్లలంతా పరిగెత్తి చెట్టును చుట్టేశారు. నేను మధ్యలో నిలబడిపోయాను. నాకు చెట్టూ కావాలి, బూడిదోడూ కావాలి. ఏడుపు తన్నుకొచ్చింది.

అంతలో వెనక పరపరమని చప్పుడైంది. ఎవరి గొడవ వాళ్లది, వాడి ఆకలి వాడిది. బూడిదోడు మెడ చాచి బడి చూరు పీక్కుని నములుతున్నాడు!

పంతులుగారు చూరును చూశారు, చెట్టును చూశారు. పంచె ఎగ్గట్టి కప్పెక్కారు. "కప్పు పోతే మళ్లా కప్పుకుంటాం. రాండిరా, పీకండి!"

ఆనాటి నుంచి రోజుకింత గడ్డి పీకి, దుమ్ము దులిపి, తేళ్లు చంపి, వంతులేసుకుని మా ఇంటికి మోశాం. చివరికి బడికి మట్టిగోడలు మిగిలాయి, మాకు చెట్టు నీడ మిగిలింది. "మీ ఎద్దు తిన్నంత చదువు నీకెక్కలేదు లిదియా," అని బడిలో నా పక్కన కూర్చునే మస్తానమ్మ ఏడిపించేది.

బడి జరుగుతుండగానే వాన వచ్చింది. చెట్టు కిందికి దూరి, పలకలు నెత్తిన పెట్టుకుని, తడిసి ముద్దయి నవ్వాం. పంతులుగారు మాత్రం ఏడ్చారు.

నేల పదునారక ముందే ఊరంతా అరకలు కట్టింది. మా నాయన బూడిదోణ్ణి ఒంటెద్దు బండికి కట్టి బడి కప్పుకి తాటాకులు తెచ్చాడు. "పదును పోతాందిరా, పిచ్చా నీకు?" అని దారిలో ఎవరో అరిస్తే, "ముందు బడి," అన్నాడట.

"ఈసారి తాటాకు, పంతులయ్యా. మావోడు ముట్టడు," అని ఆకులు దించాడు. ఈలోగా బూడిదోడు చెట్టు చిగుళ్ల మీదికి మూతి చాచాడు. నాయన ముక్కుతాడు పట్టి వెనక్కి లాగాడు.

"అడగాల్రా, తప్పు," అని వాణ్ణి గదమాయించి మావైపు తిరిగాడు. ఆనాడు కత్తి పట్టుకొచ్చిన మనిషి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఒక్క రెమ్మ ఇస్తారా అమ్మా?"

పిల్లలమంతా ఊరు అదిరేట్టు అరిచాం: "తిననీ!"