పసుపు పిడి

బేస్‌మెంట్ మెట్ల మీద ఆగి వీరరాఘవులు గాలి పీల్చాడు. తడి సిమెంటు వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు దగ్గరకు వెళ్ళి, గొట్టం మీదకు వంగి ఇంకోసారి చూశాడు. సన్నటి మనిషి. చలికోటు వేసుకుంటే కోటే నడిచి వెళుతున్నట్టుంటుంది.

"మీ ముక్కుకి తప్ప ఇంకెవరికీ రాదా ఆ గ్యాసు వాసన?" పైనుంచి భార్య సీతాదేవి అడిగింది. ఆ వెంటనే దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

తణుకులో ఉండగా పక్కింటి సిలిండరు పేలి వంటింటి గోడ కూలింది. అప్పటినుంచి పడుకోబోయే ముందు, గడప దాటే ముందు సిలిండరు కట్టేయడం అతనికి తాళం వేయడం లాంటిదే. కూతురు సుధామయి పిలిపించుకుంటే కెనడాలోని మిస్సిసాగా వచ్చాడు. రైసు మిల్లులో లెక్కలు రాసిన చేతులు ఇప్పుడు మందుల గోదాములో మాత్రల పెట్టెలకు టేపు అంటిస్తున్నాయి. ఈ అద్దె ఇంట్లో సిలిండరు లేదు. ఫర్నేసుకు గ్యాసు తెచ్చే గొట్టానికి దాన్ని కట్టేసే పసుపు రంగు పిడి ఉంది. చలికాలంలో దాన్ని ముట్టుకోవద్దని సుధామయి గట్టిగా చెప్పింది.

పనికి వెళ్ళే బస్సు కదిలాక వేళ్ళకు ఇనుము చల్లగా తగిలినట్టు గుర్తొచ్చింది. పిడి తిప్పాడా? తిప్పలేదా?

ఫోన్లు లాకర్లో పెట్టి పనిలోకి వెళ్ళాలి. టీ విరామంలో ఇంటికి చేశాడు. సీతాదేవి ఎత్తలేదు. మందు వేసుకుని పడుకుని ఉంటుంది అనుకున్నాడు. సుధామయికి చేయబోయి, ఆమె తిట్టే మాటలు ముందే వినిపించి ఫోను మళ్ళీ లాకర్లో పెట్టేశాడు. అద్దం బయట మంచు అడ్డంగా కురుస్తోంది. ఒక పెట్టెకు టేపు రెండుసార్లు అంటించాడు.

పని అయ్యాక నేరుగా ఇంటికి వెళ్ళాలనిపించింది. కానీ తమ కోసం కొత్తగా కడుతున్న ఇంటికి గ్యాసు ఫర్నేసా, కరెంటుతో వెచ్చబెట్టే హీట్ పంపా అన్నది ఇవాళే చెప్పాలి. చెప్పకపోతే బిల్డరే గ్యాసు పెట్టేస్తాడు. వణుకుతూనే బిల్డర్ ఆఫీసుకు వెళ్ళాడు.

"హీట్ పంప్‌లో మంట ఉండదా అమ్మా?"

"ఉండదంకుల్," అంది అక్కడ పనిచేసే ప్రియ. "మరీ చలైతే కరెంట్ హీటర్ ఆన్ అవుతుంది."

"కరెంటు పోతే?"

"అప్పుడు గ్యాస్ ఫర్నేస్ కూడా తిరగదంకుల్. ఇంతకీ ఆంటీ ఏమన్నారు?"

"ఆవిడకి చలంటే భయం," అన్నాడు. తన భయం సంగతి చెప్పకుండా, హీట్ పంప్ అన్నచోట సంతకం పెట్టాడు.

ఇంటి ముందు సుధామయి కారు ఆగి ఉంది. వెనక సీట్లో సీతాదేవి రెండు దుప్పట్లు చుట్టుకుని కూర్చుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"లోపల పదకొండు డిగ్రీలు నాన్నా! ఆ పిడి టచ్ చేయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? అమ్మ ఫోన్ చేశాక ఆఫీస్ నుంచి పరిగెత్తుకొచ్చా. డాక్టర్‌కి చూపించి రిచ్‌మండ్ హిల్‌లో మా ఇంటికి తీసుకెళ్తున్నా. నా దగ్గరే ఉంటుంది."

వీరరాఘవులు కారు అద్దం మీద చెయ్యి పెట్టాడు. సీతాదేవి కొంచెం దించింది.

"హీట్ పంప్ చెప్పొచ్చాను. మంటే ఉండదు."

"ఎవరి భయానికి చెప్పొచ్చారండీ? నా చలికా, మీ మంటకా?"

"కొత్తింటికి వస్తావుగా?" అన్నాడు చివరికి.

ఆమె అతని మెడ దగ్గర ఊడిన కోటు బొత్తాము వైపు చూసింది. ఏదో అనబోయింది. దగ్గు వచ్చింది. అద్దం పైకి లేచింది.

కారు మలుపు తిరిగేదాకా నిలబడి, బేస్‌మెంట్‌లోకి వెళ్ళి పిడి తెరిచాడు. ఫర్నేసు స్విచ్ ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు. కింద నీలం మంట గుప్పున లేచింది. ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నాడు, కానీ ఆపలేదు.

పైకి వచ్చేసరికి పడకగదిలోకి వెచ్చటి గాలి వస్తోంది. నేలమీది గాలి జాలీ పక్కన సీతాదేవి కాళ్ళు పెట్టుకున్న పీట ఉంది. జాలీ మీద ఆమె ఉన్ని మేజోడు ఒక్కటే, గాలికి మెల్లగా ఉబ్బుతూ, పాదం ఆకారానికి వస్తూ ఉంది.