మా ఇంటికి నేను చెప్పిన సాక్ష్యం

మా స్నానాలగది గుమ్మం వెడల్పు రెండడుగులు. మా ఆయన చక్రాల కుర్చీ అంతకన్నా మూడంగుళాలు ఎక్కువ. పైగా లోపలికి రెండు మెట్లు దిగాలి. గుమ్మం కాస్త కొట్టి, మెట్లు పూడ్చి వాలుగా చేయిస్తే సరిపోతుంది. మేస్త్రీకి రెండు రోజుల పని. ఆ పని చేయించుకునే వీలు నా ఇంట్లో నాకే లేకుండా చేసినది ఎవరయ్యా అంటే, నేనే.

భీమడోలులో మాది పొడవాటి ఇల్లు. మేడా లేదు, మిద్దే లేదు. తక్కువ ఎత్తు కప్పు, ఈ కొస నుంచి ఆ కొస దాకా వరండా, వరసగా గదులు. యాభై ఏడులో క్రైస్తవ మిషను ఇంజనీరు దొర తన దేశపు పద్ధతిలో కట్టుకున్నాడు. వెళ్ళిపోయేటప్పుడు తన జీపు డ్రైవరు, అంటే మా మామగారి పేర రాసిచ్చాడు.

ఆ ఇల్లు మాదై అరవై ఏళ్ళు నిండాయని మొన్న జనవరిలో కృతజ్ఞత కూడిక, అంటే ప్రార్థన సభ, పెట్టాం. కూడికలో ఇంటి ఇల్లాలు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. అంతకు ముందు వారమే మా ఆడపడుచు మరియమ్మ వదిన తన కొత్త డాబా గురించి అరగంట సాక్ష్యం చెప్పి అందరినీ ఏడిపించింది. నేను తగ్గుతానా? ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు నాది. "ఎన్ని గాలివానలొచ్చినా ఈ ఇంట్లో ఒక్క ఇటుక కదల్లేదు. మేమూ కదిలించలేదు. దేవుని సన్నిధిలో చెబుతున్నాను" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. మా ఆయన ఎలీయాజరు మాత్రం తల వంచుకున్నారు.

ఎందుకంటే ఆయన పదో తరగతిలో ఉండగా గాలివానకి ఇంటి వెనక సగం కూలింది. మామగారు మళ్ళీ కట్టించారు. ఇటుకలు మోసింది ఈయనే. నాకూ తెలుసు. సాక్ష్యంలో ఎవరైనా కాస్త ఉప్పూకారం దట్టిస్తారు కదా, అనుకున్నానంతే.

ఆ కూడికకి శేషగిరిరావు గారిని కూడా పిలిచాం. రిటైరైన హిస్టరీ లెక్చరరు, జిల్లా వారసత్వ కట్టడాల కమిటీకి సెక్రటరీ. నా మాటలు ఫోనులో రికార్డు చేసుకున్నారు. మర్నాడే వచ్చారు.

"ఏవండీ ప్రసన్నకుమారి గారూ, ఆ దొర దేశంలో పశువులు మేపుకునే రైతుల ఇళ్ళు ఇలాగే ఉండేవండి. చెక్కుచెదరకుండా మిగిలినది మన జిల్లాలో ఇదొక్కటేనండి. లిస్టులో పెట్టిస్తానండి."

గుమ్మం ముందు పేరున్న బోర్డు పెడతారంటే మురిసిపోయి సంతకం పెట్టాను. మరియమ్మ వదినకి ఫోను చేసి మరీ చెప్పాను.

జూన్లో మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. రోజంతా కలిపి రెండు మూడు ముక్కలు పలికితే గొప్ప. మంచం పక్కన కమోడు కుర్చీ పెడితే పళ్ళు బిగించి ఊరుకుంటారు తప్ప దాంట్లో కూర్చోరు. హెడ్మాస్టరు చేసిన మనిషి, సిగ్గు. రోజుకు నాలుగుసార్లు ఆయన్ని ఎత్తి ఆ మెట్లు దింపుతున్నాను. నాకు అరవై మూడు. మొన్నొకసారి ఇద్దరం కలిసే పడ్డాం.

మేస్త్రీని పిలిచిన రోజే శేషగిరిరావు గారు పరిగెత్తుకొచ్చారు. "గోడ ముట్టుకోకూడదండీ. పర్మిషన్‌కి రాయండి, ఏడాది పట్టొచ్చండి. లేదంటే లిస్టు మీద అభ్యంతరాలు వినే రోజు ఏలూరు రండి. ఇల్లు మధ్యలో తిరగ్గట్టినదైతే లిస్టులోంచి తీసేస్తారు. అంతకు మించి దారి లేదండి."

దారి ఉందన్నమాట. నిజం చెబితే చాలు.

వాను మాట్లాడుకుని ఆయన్నీ తీసుకెళ్ళాను. తీరా చూస్తే హాల్లో మా గుడి సంఘం వాళ్ళు ఇరవై మంది. మన వాళ్ళ ఇంటికి గౌరవం దక్కుతోందని పాస్టరు గారితో సహా బస్సెక్కి వచ్చారట. ముందు వరసలో మరియమ్మ వదిన.

"నా అభ్యంతరం ఏమిటంటేనండీ..." అని లేచాను. "ఆ ఇల్లు..."

శేషగిరిరావు గారు విచారణ చేసే ఆఫీసరు ముందు ఫోను పెట్టారు. నా గొంతే, హాలంతా వినపడింది. “మేమూ కదిలించలేదు. దేవుని సన్నిధిలో చెబుతున్నాను.” వెనక నుంచి ఎవరో అలవాటుగా ఆమేన్ కూడా అన్నారు.

"ఇది నిజం కాదాండీ?" ఆఫీసరు మర్యాదగానే అడిగారు.

కాదు అనాలి. రెండక్షరాలు. ఆ ఇరవై మంది మొహాలు చూశాను. వదిన మొహం చూశాను. పుట్టి పెరిగిన ఇల్లు, ఆవిడకి తెలీకపోవడమేమిటి? నేను నోరు తెరిచే దాకా ఎదురుచూస్తోంది. కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. ఛీ, ఎంత పిరికిదాన్ని!

అప్పుడు పక్కన కుర్చీలోంచి గొంతు వచ్చింది.

"ని... జం."

అందరూ అటు తిరిగారు. మా ఆయన చెమటలు కక్కుతూ, వంకర పోయిన నోటితో మళ్ళీ అన్నారు. "నిజం... అండీ."

ఆఫీసరు రాసుకున్నారు. అంతే. అయిపోయింది. పాస్టరు గారు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని స్తోత్రం అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన్ని స్నానాలగది గుమ్మం దాకా నెట్టుకెళ్ళాను. కోపం ఆగలేదు. "ఎందుకలా అన్నారండీ? ఇటుకలు మోసిన మీరే అంటే ఇంకెవరు కాదంటారు? నేను చచ్చేదాకా మిమ్మల్ని మోయాలా?" అని అరిచాను. ఆయన ఒక్కో మాటా కూడదీసుకుని అన్నారు.

"ఆదివారం... నువ్వు... గుడికి... వెళ్ళాలిగా."

కూలబడి ఏడ్చాను. ఆయనకి అవసరం ఆగదు కదా, లేచి కొంగు బిగించి చంకల కింద చేతులు వేసి ఎత్తాను. ఒక మెట్టు దింపాను. రెండో మెట్టు దగ్గర నా నడుము పట్టేసింది. ఆయన బరువంతా నా భుజం మీద, నా వీపు గోడకి. కిందికి దించలేను, పైకి లాగలేను. కేకేస్తే పక్కింటి వాళ్ళు వస్తారు, కానీ ఆయన పంచె జారిపోయి ఉంది. వద్దన్నట్టు తల ఊపారు. నేను కేకెయ్యలేదు.